అన్నవాహిక క్యాన్సర్ – మద్యం, పొగాకుల ప్రభావం

అన్నవాహిక క్యాన్సర్ అనగా గొంతు నుండి జీర్ణాశయానికి ఆహారాన్ని చేరవేసే గొట్టపు లోపలి పొరలో పుట్టే క్యాన్సర్. ఈ వ్యాధికి దారితీసే కారణాలలో మద్యపానం, పొగాకు వాడకం ప్రధానమైనవి. ఈ రెండు అలవాట్లలో ఏ ఒక్కటి ఉన్నా ప్రమాదం పెరుగుతుంది. రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఆ పెరుగుదల రెండింటినీ విడివిడిగా లెక్కించి కూడగా వచ్చే మొత్తం కంటే ఎక్కువగా ఉంటుంది. ఈ విషయం అరవై డెబ్భై సంవత్సరాల పరిశోధనలో పలు దేశాలలో పదే పదే రుజువైనది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐ.ఎ.ఆర్.సి.) అంచనా ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 లక్షల 11 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా వచ్చినది, అదే సంవత్సరం సుమారు 4 లక్షల 45 వేల మంది దీనితో మరణించారు. ఈ రెండు సంఖ్యలు ఇంత దగ్గరగా ఉండటమే వ్యాధి తీవ్రతను తెలుపుతుంది. భారతదేశంలో అదే సంవత్సరం కొత్త కేసులు సుమారు 70 వేలు.

పేరు, నిర్మాణం

తెలుగులో ఈ అవయవాన్ని అన్నవాహిక, ఆహారవాహిక, ఆహారనాళం అని పలు విధాలుగా వ్యవహరిస్తారు. క్యాన్సర్‌కు రాచపుండు అనే పాత పేరు ఉన్నది గానీ, ఆ మాటను వీపు మీద లేచే పెద్ద కురుపుకు కూడా వాడేవారు. అందువలన ఈ వ్యాసంలో క్యాన్సర్ అనే మాటనే వాడుతున్నాము.

పెద్దవారిలో అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దీని లోపలి పొర చర్మం పై పొర వలె పలుచని, బల్లపరుపు కణాల వరుసలతో ఏర్పడి ఉంటుంది. వీటిని పొలుసు కణాలు అంటారు. వేడి అన్నం, కారం, గట్టి పదార్థాలు రోజూ రాసుకొంటూ పోయే దారి కాబట్టి ఈ పొర ఎప్పటికప్పుడు అరిగిపోయి అడుగు నుండి కొత్త కణాలతో నిండుతూ ఉంటుంది. కణవిభజన ఇంత ఎక్కువగా జరిగే చోట డి.ఎన్.ఎ.ను దెబ్బతీసే పదార్థాలు తగులుతూ ఉంటే పొరపాట్లు పేరుకుపోయే అవకాశం కూడా ఎక్కువ. మింగిన మద్యం, మింగిన పొగాకు రసం, లాలాజలంలో కరిగిన పొగ పదార్థాలు నేరుగా తగిలేది ఈ పొరకే.

రెండు రకాలు

అన్నవాహిక క్యాన్సర్లలో ముఖ్యమైనవి రెండు రకాలు. వీటి తేడా తెలియకపోతే మద్యం, పొగాకుల గురించి చెప్పే మాటలు గందరగోళంగా కనిపిస్తాయి.

మొదటిది పొలుసు కణ క్యాన్సర్. ఇది ఎక్కువగా అన్నవాహిక పై భాగంలోను, మధ్య భాగంలోను వస్తుంది. ప్రపంచంలోని అన్నవాహిక క్యాన్సర్లలో అత్యధిక భాగం ఇదే. భారతదేశం, చైనా, ఇరాన్, తూర్పు ఆఫ్రికా దేశాలలో కనిపించేది ముఖ్యంగా ఈ రకమే. రెండవది గ్రంథి కణ క్యాన్సర్. ఇది జీర్ణాశయానికి దగ్గరగా ఉండే కింది భాగంలో వస్తుంది. జీర్ణాశయంలోని ఆమ్లం ఏళ్ళ తరబడి పైకి ఎగదన్నుతుండటం, దాని వలన లోపలి పొర మారిపోవటం (బారెట్ అన్నవాహిక), స్థూలకాయం దీనికి ముఖ్య కారణాలు. అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో గడచిన కొన్ని దశాబ్దాలలో బాగా పెరిగినది ఈ రెండవ రకం.

పొగాకు ఈ రెండు రకాలకూ కారణమే. అయితే పొలుసు కణ రకంలో దాని ప్రభావం బలంగాను, గ్రంథి కణ రకంలో అంతకంటే తక్కువగాను ఉంటుంది. మద్యం మాత్రం పొలుసు కణ రకానికే కారణం. గ్రంథి కణ రకానికీ మద్యానికీ చెప్పుకోదగిన సంబంధం పరిశోధనలలో కనబడలేదు. "మద్యానికీ ఈ క్యాన్సర్‌కూ సంబంధం లేదని ఎక్కడో చదివాను" అనేవారు సాధారణంగా ఈ రెండవ రకం గురించిన వార్తను చదివి ఉంటారు. మన దేశంలో వచ్చేది ఎక్కువగా మొదటి రకం కాబట్టి ఆ వార్త మనకు వర్తించదు. ఇక ముందు ఈ వ్యాసంలో చెప్పే విషయాలు పొలుసు కణ రకానికి సంబంధించినవి.

తొలి పరిశీలనలు, ఫ్రాన్సు అధ్యయనం

మద్యానికీ ఈ వ్యాధికీ గల సంబంధాన్ని వైద్యులు చాలాకాలం క్రితమే అనుమానించారు. 1910లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లామీ అన్నవాహికలోను, దాని జీర్ణాశయపు ముఖద్వారంలోను వచ్చిన 134 క్యాన్సర్ కేసులను పరిశీలించి, ఆ రోగులలో ఎక్కువమంది అతిగా తాగేవారని, ముఖ్యంగా ఆబ్సింత్ అనే ఘాటైన మద్యం తాగేవారని గమనించాడు. కానీ తాగేవారిలో ఎక్కువమంది పొగ కూడా తాగుతారు. మరి కారణం మద్యమా, పొగాకా, రెండూనా? రోగులను మాత్రమే చూస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. రోగం లేనివారిని కూడా చూడాలి.

ఆ పనిని శ్రద్ధగా చేసిన అధ్యయనాలలో ప్రసిద్ధమైనది ఫ్రాన్సు వాయవ్య ప్రాంతమైన బ్రిటనీలోని ఇల్-ఎ-విలేన్ జిల్లాలో జరిగినది. ఆపిల్ పండ్ల రసాన్ని పులియబెట్టి చేసే సైడర్ అనే పానీయం ఆ ప్రాంతపు పల్లెలలో నీళ్ళంత మామూలు. అక్కడ మగవారిలో అన్నవాహిక క్యాన్సర్ చాలా ఎక్కువగా ఉండేది. లియాన్ నగరంలోని ఐ.ఎ.ఆర్.సి.కి చెందిన ట్యూన్స్, ఆయన సహచరులు పెకిన్యో, జెన్సెన్‌లు 1972 – 1974 మధ్య అక్కడి ఆసుపత్రులలో గుర్తించిన 200 మంది మగ రోగులను, ఓటర్ల జాబితాల నుండి ఎంపిక చేసిన ఆరోగ్యవంతులైన మగవారిని ప్రశ్నించి, రోజుకు ఎన్ని గ్రాముల మద్యసారం, ఎన్ని గ్రాముల పొగాకు వాడేవారో లెక్కగట్టారు. ఫలితాలు 1977లో వెలువడ్డాయి.

ఈ అధ్యయనపు అంకెలు తరువాత 1980లో బ్రెస్లో, డే రాసిన గణాంకశాస్త్ర గ్రంథంలో ఉదాహరణగా చేరి, నేటికీ విద్యార్థులకు పాఠంగా ఉపయోగపడుతున్నాయి. లెక్క తేలికైనదే కనుక ఇక్కడ చేసి చూడవచ్చును. 200 మంది రోగులలో రోజుకు 80 గ్రాములు, అంతకు మించి మద్యసారం తాగేవారు 96 మంది, అంతకు తక్కువవారు 104 మంది. ఆరోగ్యవంతులు 775 మందిలో 80 గ్రాములు, అంతకు మించి తాగేవారు 109 మంది, తక్కువవారు 666 మంది. అనగా రోగులలో 48 శాతం, ఆరోగ్యవంతులలో 14 శాతం మాత్రమే అంతగా తాగేవారు. 96ను 666తో హెచ్చించి, ఆ లబ్ధాన్ని 104, 109ల లబ్ధంతో భాగిస్తే 5.64 వస్తుంది. దీనిని ఆడ్స్ నిష్పత్తి అంటారు. వ్యాధి అరుదైనప్పుడు ఈ సంఖ్యను "ప్రమాదం ఇన్ని రెట్లు" అని చదువుకోవచ్చు. ఎక్కువ తాగేవారికి తక్కువ తాగేవారి కంటే ప్రమాదం సుమారు అయిదున్నర రెట్లు అన్నమాట.

దీనికంటే ముఖ్యమైనది రెండు అలవాట్లనూ కలిపి చూసిన పట్టిక. రోజుకు 40 గ్రాముల లోపు మద్యసారం, 10 గ్రాముల లోపు పొగాకు వాడేవారి ప్రమాదాన్ని 1 అనుకొంటే, మద్యం అంతే తక్కువగా ఉండి పొగాకు 20 గ్రాములు దాటినవారిలో ప్రమాదం 5.1. పొగాకు తక్కువగా ఉండి మద్యం 80 గ్రాములు దాటినవారిలో 18. రెండూ ఎక్కువగా ఉన్నవారిలో 44.4. రెండు హానులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కేవలం కూడబడితే ఈ సంఖ్య 22 ప్రాంతంలో ఉండాలి. పూర్తిగా హెచ్చించబడితే 92 ప్రాంతంలో ఉండాలి. నిజంగా వచ్చినది ఆ రెండింటి మధ్య, కూడికకు రెట్టింపు. పరిశోధకులు తమ వ్యాసపు పేరులోనే ఇవి హెచ్చించబడే ప్రమాదాలని చెప్పారు. పట్టికలోని ఒక్కొక్క గడిలో ఉన్న రోగుల సంఖ్య చిన్నది కాబట్టి 44.4 అనే అంకెను దశాంశం దాకా పట్టుకొని కూర్చోవటం సరికాదు. కానీ ఈ తీరు ఆ తరువాత ఇటలీ, దక్షిణ అమెరికా, జపాన్, తైవాన్ మొదలైన చోట్ల జరిగిన అధ్యయనాలలోనూ కనిపించినది.

మద్యం, పొగాకులను విడదీయటం సాధ్యమా అనే ప్రశ్నకు కూడా ట్యూన్స్ సమాధానం వెతికాడు. పొగ తాగకుండా మద్యం మాత్రమే తాగేవారిని, మద్యం ముట్టకుండా పొగ మాత్రమే తాగేవారిని వేరుచేసి 1983లో మరొక వ్యాసం ప్రచురించాడు. రెండు వర్గాలలోనూ ప్రమాదం పెరిగినది. అనగా ఏ ఒక్కటీ రెండవదాని నీడ కాదు.

మద్యం చేసే హాని

మద్యంలోని ఇథనాల్ శరీరంలో ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము వలన ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. దానిని ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్-2 అనే మరొక ఎంజైము హానిలేని ఎసిటేట్‌గా మారుస్తుంది. ఈ మధ్య మజిలీలో ఉన్న ఎసిటాల్డిహైడే ప్రధాన దోషి. అది డి.ఎన్.ఎ.తో బంధాలు ఏర్పరచి, కణం తన డి.ఎన్.ఎ.ను మరమ్మతు చేసుకొనే పనికి అడ్డుపడుతుంది. నోటిలోని సూక్ష్మజీవులు కూడా ఇథనాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తాయి, కానీ దానిని త్వరగా వదిలించుకోలేవు. అందువలన తాగిన తరువాత లాలాజలంలో ఎసిటాల్డిహైడ్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ లాలాజలాన్ని మనిషి మింగుతూనే ఉంటాడు.

ఐ.ఎ.ఆర్.సి. 1988లో మద్య పానీయాలను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినది. అన్నవాహిక ఆనాడే పేర్కొన్న అవయవాలలో ఒకటి. 2009లో జరిగిన పునఃపరిశీలనలో మద్యపానంతో పాటు వచ్చే ఎసిటాల్డిహైడ్‌ను కూడా అదే వర్గంలో చేర్చారు.

ఈ నిర్ణయానికి బలమైన ఆధారం తూర్పు ఆసియా దేశాల నుండి లభించినది. జపాన్, చైనా, కొరియా ప్రజలలో సుమారు మూడింట ఒక వంతు మందికి కొద్దిగా మద్యం తాగగానే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడుతుంది. వీరిలో ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్-2 జన్యువు ఒక అక్షరం మారి, ఎంజైము సరిగా పనిచేయదు, ఎసిటాల్డిహైడ్ పేరుకుపోతుంది. జపాన్‌లోని కురిహామా ఆసుపత్రికి చెందిన అకిరా యోకోయామా, అమెరికాకు చెందిన ఫిలిప్ బ్రూక్స్ మొదలైనవారు 2009లో ఈ ఎర్రబడటాన్ని అన్నవాహిక క్యాన్సర్‌కు ఎవరూ పట్టించుకోని హెచ్చరికగా వర్ణించారు.

ఇందులో ఒక చక్కని తర్కం ఉన్నది. తల్లిదండ్రులిద్దరి నుండీ మారిన జన్యువు వచ్చినవారికి మద్యం అసలు సరిపడదు, కాబట్టి వారు దాదాపు తాగరు. ఒక్కరి నుండి మాత్రమే వచ్చినవారు ఎలాగో అలవాటు చేసుకొని తాగగలరు, కానీ వారి శరీరంలో ఎసిటాల్డిహైడ్ ఎక్కువసేపు నిలుస్తుంది. 2005లో సారా లూయిస్, జార్జ్ డేవీ స్మిత్ అప్పటికి వెలువడిన అధ్యయనాలను కలిపి చూడగా, మామూలు జన్యువు గలవారితో పోల్చినప్పుడు మొదటి వర్గం వారిలో ప్రమాదం మూడింట ఒక వంతుకు (0.36) తగ్గినది, రెండవ వర్గంలో మూడు రెట్లు (3.19) పెరిగినది. ఒకే జన్యులోపం ఒక చోట రక్షణగా, మరొక చోట శాపంగా ఎలా మారినది? మధ్యలో ఉన్నది మద్యమే గనుక. తాగనివారిలో ఈ తేడా దాదాపు కనబడలేదు. జన్యువును ఎవరూ అలవాట్లను బట్టి ఎంచుకోరు కాబట్టి, "తాగేవారి తిండి, పేదరికం, పొగ అసలు కారణాలేమో" అనే సందేహానికి ఇది మంచి జవాబు.

ఈ జన్యుమార్పు భారతీయులలో అరుదు. అంతమాత్రాన తెలుగువారికి మద్యం క్షేమమని కాదు. ఫ్రాన్సు రైతులలో కూడా ఆ మార్పు లేదు.

మద్యం మరికొన్ని విధాలుగా కూడా హాని చేస్తుంది. అది మంచి ద్రావణి. పొగలోని విషపదార్థాలను కరిగించి లోపలి పొరలోకి చొచ్చుకుపోయేలా చేస్తుంది. రెండు అలవాట్లూ కలిసినప్పుడు ప్రమాదం అంతగా పెరగటానికి చెప్పే ముఖ్య కారణాలలో ఇది ఒకటి. ఇథనాల్ వలన చురుకెక్కే కొన్ని ఎంజైములు పొగాకు నైట్రోజమీన్లను మరింత హానికరమైన రూపాలలోకి మారుస్తాయి. అన్నం మాని తాగే వ్యక్తిలో ఫోలేట్ మొదలైన పోషకాల లోపం దీనికి తోడవుతుంది.

ఎంత తాగితే ఎంత ప్రమాదం

పరిశోధనలలో మద్యాన్ని గ్రాములలో కొలుస్తారు. మన ఊళ్ళలో క్వార్టర్లు, పెగ్గులు, సీసాలలో కొలుస్తారు. ఒకదాని నుండి మరొకదానికి మారటం ఎనిమిదవ తరగతి లెక్క. పానీయపు మిల్లీలీటర్లను అందులోని మద్యసారపు శాతంతో హెచ్చించి, వందతో భాగించి, మద్యసారపు సాంద్రత అయిన 0.789తో హెచ్చించాలి. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 5 శాతం మద్యసారం ఉంటే సుమారు 26 గ్రాములు. 42.8 శాతం గల విస్కీ లేదా బ్రాందీ 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 20 గ్రాములు. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 61 గ్రాములు. కల్లులో శాతం చెట్టును, పొద్దును బట్టి మారుతుంది. 5 శాతం అనుకొంటే లీటరు కల్లులో సుమారు 39 గ్రాములు ఉంటుంది.

2015లో బగ్నార్డి, ఆయన సహచరులు ప్రపంచవ్యాప్త అధ్యయనాలను సమీకరించి చేసిన విశ్లేషణలో, తాగనివారితో పోలిస్తే రోజుకు 12.5 గ్రాముల లోపు తాగేవారిలో పొలుసు కణ క్యాన్సర్ ప్రమాదం 1.26 రెట్లు, 50 గ్రాముల లోపు తాగేవారిలో 2.23 రెట్లు, 50 గ్రాములు దాటినవారిలో 4.95 రెట్లుగా తేలినది. పై లెక్కను దీని పక్కన పెట్టి చూస్తే, రోజూ ఒక క్వార్టరు తాగే వ్యక్తి మూడవ వర్గంలోకి వస్తాడు. తనను తాను తాగుబోతుగా ఎన్నడూ భావించని మనిషి కూడా ఆ వర్గంలో ఉండవచ్చు.

సైడర్, వైన్, బీరు, విస్కీ, కల్లు – వీటిలో ఏది మంచిది అనే ప్రశ్న తరచుగా వినబడుతుంది. అసలు లెక్కలోకి వచ్చేది లోపలికి పోయిన మొత్తం ఇథనాల్. ఖరీదైన మద్యం హాని చేయదని, కల్లు చెట్టు నుండి వచ్చినది కాబట్టి మందులాంటిదని అనుకోవటానికి ఆధారం లేదు. అయితే ఘాటైన మద్యాన్ని నీళ్ళు కలపకుండా తాగితే పొరకు ప్రత్యక్షంగా మంట కలుగుతుందన్నది నిజమే.

పొగాకు చేసే హాని

పొగాకు పొగలో క్యాన్సర్ కారకాలుగా గుర్తించిన రసాయనాలు అరవైకి పైగా ఉన్నాయి. అన్నవాహిక విషయంలో ముఖ్యమైనవి బెంజోపైరీన్ వంటి బహువలయ హైడ్రోకార్బన్లు, పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోజమీన్లు. వీటిలో ఎన్-నైట్రోజోనార్‌నికోటిన్ అనే పదార్థాన్ని తాగే నీటిలో కలిపి ఇస్తే ఎలుకల అన్నవాహికలో కణుతులు పుట్టాయి. పొగాకును ఆరబెట్టి, మాగబెట్టే క్రమంలోనే ఈ నైట్రోజమీన్లు ఏర్పడతాయి. నిప్పు అంటించనవసరం లేదు. పొగ లేని పొగాకు క్షేమమనే వాదం ఇక్కడే వీగిపోతుంది. ఖైనీ, జర్దా, గుట్కా నమిలేవారు ఉమ్మి వేయగా మిగిలిన రసాన్ని మింగుతారు. అది నేరుగా అన్నవాహికను తడుపుతూ పోతుంది.

ఐ.ఎ.ఆర్.సి. ధూమపానాన్ని 1986లో మొదటి వర్గంలో చేర్చినప్పుడే అన్నవాహికను పేర్కొన్నది. ఆ తరువాత పొగ లేని పొగాకును, పొగాకు కలిపిన తాంబూలాన్ని, పొగాకు కలపని వక్క తాంబూలాన్ని కూడా ఈ క్యాన్సర్‌కు కారణాలుగా నిర్ధారించినది. చివరిది చాలామందికి మింగుడుపడని విషయం. తాంబూలం మన శుభకార్యాలలో భాగం. పేరంటంలో ఎప్పుడో ఒకసారి వేసుకొనే తాంబూలం గురించి ఈ అధ్యయనాలు చెప్పలేదు. రోజంతా బుగ్గన వక్క పెట్టుకొనే అలవాటు గురించి చెప్పాయి.

పొగ తాగేవారిలో అన్నవాహిక పొలుసు కణ క్యాన్సర్ ప్రమాదం పలు అధ్యయనాలలో రెండు నుండి అయిదు రెట్లుగా తేలినది. రోజుకు ఎన్ని తాగారన్న దాని కంటే ఎన్నేళ్ళు తాగారన్నది ఎక్కువ ముఖ్యం. బీడీ చిన్నది, పొగాకు తక్కువ, కాబట్టి హాని తక్కువ అనే నమ్మకం తప్పు. తునికాకు త్వరగా ఆరిపోతుంది గనుక బీడీని మాటిమాటికీ, గట్టిగా పీల్చవలసి వస్తుంది. బెంగుళూరు, కేరళలలో 1990లలో జరిగిన అధ్యయనాలలో బీడీకీ ఈ వ్యాధికీ సంబంధం కనిపించినది.

ఈ రెండూ లేనిచోట

తాగనివారికి, పొగ తాగనివారికి కూడా ఈ వ్యాధి వస్తుంది. చైనాలోని హెనాన్ రాష్ట్రపు లిన్‌షియాన్ ప్రాంతంలో వ్యాధి ప్రపంచంలోనే అత్యధిక స్థాయిలో ఉండేది, కానీ అక్కడ మద్యం, పొగాకుల పాత్ర స్వల్పం. పోషకాహార లోపం వంటి ఇతర కారణాలు ముఖ్యం. ఇరాన్‌లోని గులిస్తాన్ రాష్ట్రంలో మద్యం దాదాపు లేదు. అక్కడ 2004లో మొదలై 50 వేల మందిని అనుసరించిన అధ్యయనంలో చాలా వేడి తేనీరు ప్రమాదాన్ని పెంచుతుందని 2019లో వెల్లడైనది. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి పానీయాలను ఐ.ఎ.ఆర్.సి. 2016లోనే "బహుశా క్యాన్సర్ కలిగించేవి" అనే వర్గంలో చేర్చినది. కాశ్మీరులో కూడా మద్యపానం తక్కువ. అయినా వ్యాధి ఎక్కువ. శ్రీనగర్‌లో జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో హుక్కా తాగేవారిలో ప్రమాదం సుమారు రెట్టింపు, పొగాకు, సున్నం, బూడిద కలిపిన నాస్ అనే పొడిని నోటిలో పెట్టుకొనేవారిలో సుమారు మూడు రెట్లు అని తేలినది.

ఈ విషయాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పటానికి ఒక కారణం ఉన్నది. అన్నవాహిక క్యాన్సర్ వచ్చినదనగానే "బాగా తాగేవాడేమో" అని చుట్టుపక్కలవారు అనుకోవటం, ఏ అలవాటూ లేని ఇల్లాలు ఆ మాటలకు నొచ్చుకోవటం మనం చూస్తూనే ఉంటాము. ప్రమాదం రెట్లలో పెరుగుతుందంటే లక్షలమందిలో లెక్క అలా ఉంటుందని అర్థం. ఫలానా రోగికి ఫలానా కారణం వలననే వచ్చినదని దాని నుండి చెప్పలేము.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారతదేశంలో ఈ వ్యాధి ఈశాన్య రాష్ట్రాలలో అత్యధికం. మేఘాలయలోని తూర్పు ఖాసీ కొండల జిల్లా దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీలన్నింటిలో మొదటి స్థానంలో ఉన్నది. అక్కడా, అస్సాంలోనూ పచ్చి వక్కను, పులియబెట్టిన వక్కను నమలటం, పొగాకు, మద్యం కలిసి పనిచేస్తున్నాయి.

2016–17 నాటి జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలోని పెద్దవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. వీరిలో పొగ లేని పొగాకు వాడేవారే (21.4 శాతం) పొగ తాగేవారికంటే (10.7 శాతం) ఎక్కువ. మద్యం విషయంలో 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవారిలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం తాగుతారని నమోదు చేసినది. తెలంగాణ స్త్రీలలో ఇది సుమారు 7 శాతం. ఇరుగుపొరుగు రాష్ట్రాలు, ఒకే భాష, అయినా ఇంత తేడా.

తెలుగు ప్రాంతానికి పొగాకుతో గల సంబంధం వాడకంతోనే ఆగదు. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలలో వర్జీనియా పొగాకు పంట ఎన్నో కుటుంబాలకు జీవనాధారం; 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉన్నది. తెలంగాణలో నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల స్త్రీలు బీడీలు చుట్టి ఇల్లు గడుపుకొంటున్నారు. మద్యం విషయంలో, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలతో ముడిపడిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసినది. ఆ నిషేధం 1997లో సడలించబడినది. ఆ స్త్రీలు పోరాడినది కూలి డబ్బు కోసం, ఇంట్లో దెబ్బలకు వ్యతిరేకంగా. క్యాన్సర్ మాట ఆ ఉద్యమంలో ముఖ్యంగా వినబడలేదు.

ఉత్తర కోస్తాలో చుట్టను వెలిగించిన కొసను నోటిలో పెట్టుకొని తాగే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, ప్రసిద్ధం. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి పిండ్‌బోర్గ్ మొదలైనవారు 1971లో ప్రచురించిన అధ్యయనం దీని వలన అంగిలిలో కలిగే మార్పులను వివరించినది. అది అంగిలికి సంబంధించిన అధ్యయనం. దానిని అన్నవాహికకు అన్వయించి చెప్పటం తగదు.

అలవాటు మానివేస్తే

మానివేసిన వెంటనే ప్రమాదం మాయం కాదు, కానీ తగ్గుతుంది. పొగ మానినవారిలో ప్రమాదం కొన్ని సంవత్సరాలలో తగ్గుముఖం పడుతుంది. అయినా ఎన్నడూ తాగనివారి స్థాయికి చేరటానికి ఇరవై ఏళ్ళు కూడా చాలకపోవచ్చు. మద్యం విషయంలో కూడా పదిహేనేళ్ళకు పైగా పట్టవచ్చునని అంచనా. 2023 చివరలో ఐ.ఎ.ఆర్.సి. నిపుణుల బృందం మద్యం తగ్గించటం లేదా మానటం వలన నోటి క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్ ప్రమాదాలు తగ్గుతాయనటానికి తగినంత ఆధారం ఉన్నదని ప్రకటించినది.

కొన్ని అధ్యయనాలలో మద్యం మానిన మొదటి ఒకటి రెండు సంవత్సరాలలో వ్యాధి ఎక్కువైనట్లు కనిపిస్తుంది. దీనిని చూపి "మానితేనే జబ్బు వచ్చింది" అనేవారున్నారు. ఇది వెనుకది ముందుగా చదవటం. మింగటం కష్టమై, ఒంట్లో బాగులేక తాగుడు మానినవారు ఆ లెక్కలో చేరటమే అందుకు కారణం.

ఫ్రాన్సులో తలసరి మద్యం వాడకం 1960ల నుండి క్రమంగా తగ్గినది. 1980ల తరువాత అక్కడి మగవారిలో అన్నవాహిక క్యాన్సర్ గణనీయంగా తగ్గినది. ట్యూన్స్ రోగులను లెక్కించిన బ్రిటనీ కూడా అందులో ఉన్నది.

లక్షణాలు, గుర్తింపు

అన్నవాహిక సాగే గుణం గలది. కణితి దారిని చాలావరకు మూసివేసే దాకా మింగటంలో ఇబ్బంది తెలియదు. మొదట ముద్ద అన్నం, రొట్టె, మాంసం అడ్డుపడినట్లు ఉంటుంది. రోగి తనకు తెలియకుండానే అన్నాన్ని మెత్తగా కలుపుకోవటం, ప్రతి ముద్దకూ నీళ్ళు తాగటం మొదలుపెడతాడు. తరువాత జావ, చివరకు నీళ్ళు కూడా దిగవు. బరువు తగ్గటం, గొంతు బొంగురుపోవటం, రొమ్ము ఎముక వెనుక నొప్పి ఇతర లక్షణాలు. ఘనపదార్థం అడ్డుపడటం రెండు మూడు వారాలు కొనసాగితే, ముఖ్యంగా పొగాకు, మద్యం అలవాటున్నవారు, గ్యాస్ మాత్రలతో కాలం గడపకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలని వైద్యులు చెబుతారు.

నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వచ్చినవారికి అన్నవాహికలో రెండవ క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ. ఒకే పొగ, ఒకే మద్యం ఆ దారి పొడవునా తగిలి ఉండటమే దీనికి కారణం. 1953లో స్లాటర్, ఆయన సహచరులు నోటి క్యాన్సర్లను పరిశీలించి ఈ భావనను ప్రతిపాదించారు.

తొలి దశ మచ్చలు మామూలు ఎండోస్కోపీలో తేలికగా కనబడవు. అందుకు లూగాల్ అయోడిన్ ద్రావణాన్ని అన్నవాహిక లోపల చల్లుతారు. ఆరోగ్యంగా ఉన్న పొలుసు కణాలలో గ్లైకోజెన్ నిలువ ఉంటుంది గనుక అవి గోధుమరంగుకు తిరుగుతాయి. పాఠశాలలో బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేసి పిండిపదార్థాన్ని పరీక్షించటం వంటిదే ఇది. క్యాన్సర్ కణాలలో, క్యాన్సర్‌గా మారబోయే కణాలలో గ్లైకోజెన్ తగ్గిపోతుంది. అవి రంగు పట్టక పాలిపోయి మిగులుతాయి. మద్యం, పొగాకు రెండూ ఎక్కువగా వాడినవారి అన్నవాహికలో ఇటువంటి రంగు పట్టని మచ్చలు ఒకటి కాదు, అనేకం కనబడతాయని జపాన్ వైద్యులు గమనించారు. ఈ దశలో గుర్తించిన మచ్చలను పెద్ద శస్త్రచికిత్స లేకుండా ఎండోస్కోపీ ద్వారానే తొలగించవచ్చును.